ఎదురింటివాళ్ళు క్రిస్మస్ ఆరాధనకి రమ్మన్నారు, బొట్టు పెట్టుకుని వెళ్ళొచ్చా?

పర్లాకిమిడి_కోడలు
మాది పర్లాకిమిడి. ఎదురింట్లో ఉండే టీచరు గారి కుటుంబం బాప్టిస్టులు. వాళ్ళమ్మాయి, మా పాప ఒకే క్లాసు, రోజూ కలిసే బడికి వెళ్తారు. క్రిస్మస్‌కి వాళ్ళు కేకు, అరిసెలు పంపిస్తారు, సంక్రాంతికి మేం పిండివంటలు పంపిస్తాం. ఈసారి టీచరు గారూ ఆవిడా ఇంటికొచ్చి, 25 ఉదయం ఆరాధనకి అందరూ రండమ్మా అని పిలిచి వెళ్ళారు. వాళ్ళ పాప నాటికలో గొర్రెల కాపరి వేస్తోంది. ఆ మాట విన్నప్పటి నుంచి మా దానికి కాలు నిలవడం లేదు.

ఇంట్లో మాత్రం రెండు మాటలు నడుస్తున్నాయి. మా అత్తయ్య ధనుర్మాసం నియమంగా చేస్తారు. "వాళ్ళింటికి వెళ్ళి పలకరించి రా, చర్చిలో కూర్చోవడం ఎందుకు" అంటున్నారు. మా ఆయన నీ ఇష్టం అనేసి ఊరుకున్నారు. నాకు వెళ్ళాలనే ఉంది. కాకపోతే ఎప్పుడూ లోపల అడుగు పెట్టలేదు. బొట్టు, పూలు పెట్టుకుని వెళ్తే ఏమైనా అనుకుంటారా? చెప్పులు బయట విడవాలా? రొట్టె, ద్రాక్షరసం ఇస్తారంటారు కదా, మాకూ ఇస్తే తీసుకోవాలా, వద్దంటే బాధపడతారా? కానుకల సంచి తిప్పితే ఎంత వేయాలి? ఎంతసేపు ఉంటుంది? వాళ్ళని నొప్పించకూడదు, అత్తయ్యనీ నొప్పించకూడదు. తెలిసినవాళ్ళు చెప్పండి. ఏ మతాన్నీ తక్కువ చేసే మాటలు మాత్రం వద్దు.

కాశీబుగ్గ_రాజు
ఇంటికొచ్చి పిలిచారు కదండీ. వెళ్ళండి. మిగతావన్నీ చిన్న విషయాలు.

రాయగడ_టీచరమ్మ
మేం లూథరన్లం, మా పుట్టినిల్లు గుణుపురం. మీరు అడిగిన వాటికి నాకు తెలిసినంత చెప్తాను చెల్లీ.

బొట్టు తీయక్కర్లేదు, పూలూ తీయక్కర్లేదు. మా ఆడవాళ్ళు చాలామంది బొట్టు పెట్టుకోరు కాబట్టి మీరు కనిపిస్తారు, అంతే. కనిపిస్తే ఇంకా మంచిది, ఎవరో ఒక పెద్దావిడ వచ్చి పక్కన చోటు చూపించి పాటల పుస్తకం చేతిలో పెడుతుంది. ప్రార్థన వేళ ఆడవాళ్ళు కొంగు తలమీద వేసుకుంటారు. మీరూ వేసుకుంటే బాగుంటుంది, వేసుకోకపోతే ఎవరూ తప్పు పట్టరు.

చెప్పుల సంగతి గుమ్మం చూస్తే తెలిసిపోతుంది. బెంచీలు ఉన్న చర్చిల్లో చాలాచోట్ల వేసుకునే లోపలికి వెళ్తారు. కింద చాపలు పరిచిన చోట బయట విడుస్తారు. పల్లెల్లో ఎక్కువగా చాపలే. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు కూర్చునే అలవాటు మన ప్రాంతంలో ఇంకా ఉంది. మీ ఆయన వస్తే ముందే చెప్పండి, లేకపోతే మీ వెనకే వచ్చి ఆడవాళ్ళ మధ్య నిలబడిపోతారు, పాపం.

రొట్టె, ద్రాక్షరసం గురించి. దాన్ని ప్రభు భోజనం అంటాం. అది బాప్తిస్మం పొంది, ఆ సంఘం నియమం ప్రకారం అర్హులైనవాళ్ళకి. అతిథులు తీసుకోరు, తీసుకోవాలని ఎవరూ అనుకోరు. వద్దన్నందుకు బాధపడటం అసలు ఉండదు. కూర్చున్న చోటే కూర్చోండి. అయితే మీ ఎదురింటివాళ్ళు బాప్టిస్టులు కదా, చాలా బాప్టిస్టు సంఘాల్లో అది నెలలో మొదటి ఆదివారం పెడతారు. 25న ఉండకపోవచ్చు కూడా. టీచరు గారి భార్యని అడిగేయండి, సంతోషంగా చెప్తుంది.

బరంపురం_పట్టుచీర
బొట్టు గురించి టీచరమ్మ గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. మా ఆఫీసులో ఒకావిడ కొలీగ్ పెళ్ళికి చర్చికి వెళ్తూ ఆటోలోనే బొట్టు చెరిపేసుకుంది. పెళ్ళికూతురి తల్లి చూసి, "ఎందుకమ్మా తీసేశావు, నువ్వు నువ్వులాగే రావాలి" అని అడిగిందట. మనం మన మర్యాదతో వెళ్ళాలి, వాళ్ళ మర్యాద పాటించాలి. వేషం మార్చుకోవడం ఇందులో లేదు.

మహేంద్రతనయ
మా ఊళ్ళోనే ఉన్నారన్నమాట. మీ అత్తయ్య గారికి ఇలా చెప్పి చూడండి. తిరునాళ్ళకి మన గుడి దగ్గరికి ఆ టీచరు గారు ఎప్పుడైనా వచ్చారా? వచ్చి ఉంటే ఆవిడే సగం మెత్తబడతారు.

పర్లాకిమిడి_కోడలు
@మహేంద్రతనయ రథయాత్రకి ప్రతిసారీ వస్తారు. మా పాపని భుజం మీద ఎక్కించుకుని రథం చూపించింది కూడా ఆయనే. ఇది అత్తయ్యకి గుర్తు చేయాలి.

సరిహద్దు_మనిషి
అందరూ వెళ్ళండి వెళ్ళండి అంటున్నారు గానీ ఒక మాట. ఒడిశాలో మత మార్పిడి మీద చట్టం ఉంది. పేరు రాసుకుంటే, ఫొటోలో పడితే తర్వాత ఏ తలనొప్పి వస్తుందో. ఇంటికెళ్ళి కేకు తిని రావడమే మేలు అని నా అభిప్రాయం. భయపెట్టడానికి కాదు, నిజంగానే చెప్తున్నాను.

గుణుపురం_వకీలు
సరిహద్దు గారి భయం చాలామందికి ఉంది కాబట్టి వివరంగా రాస్తాను. ఒడిశా మత స్వేచ్ఛ చట్టం 1967 నాటిది. అది నిషేధించేది బలవంతంగా, మోసంతో, ప్రలోభపెట్టి మతం మార్చడాన్ని. హైకోర్టు మొదట కొట్టేసినా, 1977లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. స్నేహితుడు పిలిస్తే వెళ్ళి ఆరాధనలో కూర్చోవడం మత మార్పిడి కానే కాదు. దర్గాకి వెళ్ళి చాదర్ ఇచ్చే హిందువులు మన బరంపురంలోనే ఎంతమంది లేరు? వాళ్ళెవరూ మతం మారలేదు కదా.

ఇంకో అనుమానం కూడా నా దగ్గరికి వస్తుంటుంది, కుల ధ్రువపత్రం గురించి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకి, తర్వాత చేర్చిన సిక్కులకి, బౌద్ధులకి వర్తిస్తుంది. క్రైస్తవంలోకి మారినవాళ్ళకి వర్తించదు. అక్కడ మాట మతం మారడం గురించి. ఒక పండగ ఉదయం అతిథిగా వెళ్ళడం వేరే సంగతి.

సరిహద్దు_మనిషి
వకీలు గారూ, చట్టం మీరు చెప్పినట్టే ఉందనుకుందాం. వీధిలో మాటలు చట్టం చదివి రావు కదా.

గుణుపురం_వకీలు
నిజమే, కాదనను. అందుకే దొంగచాటుగా వెళ్ళొద్దంటాను. నలుగురికీ తెలిసేలా, ఎదురింటివాళ్ళతో కలిసి, పాపని చెయ్యి పట్టుకుని నడిచి వెళ్ళండి. అప్పుడు మాటలకి చోటు ఉండదు.

బరంపురం_పట్టుచీర
ఫొటోల మాట వచ్చింది కాబట్టి నేనూ ఒకటి చెప్తాను. ఫోను లోపల పెట్టుకోండి. దీనికి రెండో వైపు కూడా ఉంది, చాలామందికి తట్టదు. 2007 క్రిస్మస్ వేళ కంధమాల్‌లో మత గొడవలు మొదలయ్యాయి, 2008 ఆగస్టు తర్వాత ఇంకా పెద్దవయ్యాయి. ఇళ్ళు వదిలేసి వచ్చినవాళ్ళలో కొందరు మా బరంపురం చేరారు. అలాంటి కుటుంబాలు ఇప్పటికీ కొన్ని సంఘాల్లో ఉన్నాయి. ముక్కూ మొహం తెలియని మనిషి వెనక నిలబడి సెల్‌ఫోనుతో అందరి మొహాలూ తీస్తుంటే వాళ్ళకి గుండె దడ వస్తుంది. గేటు దగ్గర నిలబడే పెద్దలు "ఎవరమ్మా మీరు, ఎవరింటికి వచ్చారు" అని అడిగితే అది అనుమానంతో కాదు, జాగ్రత్తతో. ఫలానా టీచరు గారు పిలిచారు అని చెప్పండి. ఆ ఒక్క మాటతో మొహాలు విచ్చుకుంటాయి.

కాశీబుగ్గ_రాజు
ఇది నేను ఎప్పుడూ ఆలోచించలేదు. మంచి మాట చెప్పారు పట్టుచీర గారు.

రీల్స్_రవి
మరి నాటికలో పిల్లలని కూడా తీయకూడదా? పాప ఫ్రెండ్ వేషం వేస్తే ఒక్క వీడియో అయినా తీసుకోవాలి కదా.

రాయగడ_టీచరమ్మ
నాటిక వేళ తల్లిదండ్రులే ముందుకొచ్చి తీస్తుంటారు నాయనా, అప్పుడు తీసుకో. ప్రార్థన, వాక్యం, ప్రభు భోజనం వేళ తీయకు. పక్కింటి పిల్లల మొహాలు వాళ్ళ తల్లిని అడగకుండా స్టేటస్‌లో పెట్టకు. అంతే.

జయపురం_పాతకాపు
నేను జయపురం. మా లూథరన్ సంఘం కథ కొంచెం చెప్తాను, అతిథులకి పనికొస్తుంది. ఉత్తర జర్మనీలో బ్రెక్లుమ్ అనే చిన్న ఊరి నుంచి మిషనరీలు 1882లో ఈ వైపు వచ్చారు. ఆ పని నుంచి ఏర్పడిందే 1928 నాటి జయపురం ఇవాంజెలికల్ లూథరన్ చర్చి. మా దగ్గర ఆరాధన ఒడియాలో. తెలుగు ఇళ్ళవాళ్ళు కూడా ఒడియా పాటలు నోటికి పాడతారు. భాష పూర్తిగా రాకపోయినా క్రమం ఒకటే కాబట్టి ఇబ్బంది పడరు. లేవమంటే అందరూ లేస్తారు, కూర్చోమంటే కూర్చుంటారు. పాపాల ఒప్పుకోలు, పాటలు, లేఖన పాఠాలు, విశ్వాస ప్రమాణం, ప్రసంగం, కానుకలు, పరలోక ప్రార్థన, చివర ఆశీర్వచనం. సువార్త చదివేటప్పుడు నిలబడతారు. క్రిస్మస్‌కి సాధారణంగా లూకా సువార్త రెండో అధ్యాయం చదువుతారు, సత్రంలో చోటు లేక పశువుల తొట్టిలో పడుకోబెట్టిన కథ, గొర్రెల కాపరుల కథ అందులోనే ఉన్నాయి. కోడలు గారూ, ముందురోజు ఆ అధ్యాయం మీ పాపకి కథలా చెప్పండి. నాటికలో ఎవరు ఎవరో దానికి అర్థమవుతుంది.

పర్లాకిమిడి_కోడలు
ఇది చాలా బాగుంది. కథ నాకూ సగమే తెలుసు. ముగ్గురు రాజులు వస్తారు కదా?

జయపురం_పాతకాపు
వాళ్ళు మత్తయి సువార్తలో వస్తారు. తూర్పు దేశపు జ్ఞానులు అని ఉంటుంది, ఎంతమందో లెక్క లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని మూడు కానుకలు ఉన్నాయి కాబట్టి ముగ్గురని అలవాటైంది. నాటికల్లో మాత్రం ముగ్గురే, కిరీటాలు కూడా మూడే అట్టతో చేస్తారు.

సిరోంచ_గోదారి
మాది మహారాష్ట్ర వైపు, గడ్చిరోలి జిల్లా సిరోంచ. నది దాటితే తెలంగాణ. ఇక్కడ పాటలు తెలుగులో, ప్రకటనలు మరాఠీలో, గొణుగుడు రెండింట్లో నడుస్తుంది. నేను హిందువునే, చిన్నప్పటి నుంచీ స్నేహితుడి వెంట వెళ్తున్నాను. మీకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి. చాలా సంఘాల్లో మధ్యలో "ఈ రోజు కొత్తగా వచ్చినవాళ్ళు లేచి నిలబడండి" అంటారు. పేరు, ఊరు అడుగుతారు, అందరూ చప్పట్లు కొడతారు, ఒక పాట పాడతారు. మొహమాటం ఉన్నవాళ్ళకి అక్కడే చెమటలు పట్టేస్తాయి. టీచరు గారికి ముందే చెప్పండి, నన్ను లేపొద్దండీ అని. లేదా నవ్వుతూ లేచి నమస్కారం పెట్టి కూర్చోండి. మైకు ఇస్తే ప్రసంగం చేయక్కర్లేదు.

కొత్తవీధి_శారద
అమ్మో, దీని కోసమే నేను వెళ్ళను 😀

సిరోంచ_గోదారి
శారద గారూ, వెనక వరుసలో స్తంభం పక్కన కూర్చుంటే చాలావరకు తప్పించుకోవచ్చు.

సెరంగో_కొండగాలి
నాన్న ఉద్యోగం వల్ల నేను సెరంగో వైపు పెరిగాను. మన గజపతి జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం మూడో వంతుకి పైగా క్రైస్తవులు, అందులో సవరలే ఎక్కువ. పట్నం చర్చి గురించి అందరూ రాశారు కాబట్టి కొండ మీది క్రిస్మస్ గురించి రాస్తాను.

24 రాత్రి చలి ఎముకలు కొరుకుతుంటుంది. ఒక్కో గూడెం నుంచి జనం టార్చిలైట్లు పట్టుకుని గుంపులుగా దిగి వస్తారు. చిన్నపిల్లలని వీపుకి గుడ్డతో కట్టుకుని తల్లులు, దుప్పటి కప్పుకున్న ముసలివాళ్ళు. రేకుల చర్చి, కింద చాపలు. పాటలన్నీ సవరలో, డప్పు వాయిస్తూ. నాకు ముక్క అర్థమయ్యేది కాదు. అయినా పక్కన కూర్చున్న అవ్వ పుస్తకంలో వేలు పెట్టి లైను చూపిస్తూ ఉండేది, ఆవిడకి చదువు రాదని తర్వాత తెలిసింది, ఆ పాటలు ఆవిడకి కంఠతా వచ్చు, వేలు మాత్రం నాకోసం కదిపేది. మర్నాడు ఆరాధన అయ్యాక అడ్డాకు విస్తళ్ళలో వేడన్నం, మాంసం కూర. ఊరివాడా, బయటివాడా అని అడిగే మనిషి లేడు. వంగి వడ్డిస్తూ "ఇంకొంచెం" అనే గొంతులే.

ఈ సవర భాషని పట్టుకుని పర్లాకిమిడిలో కూర్చుని నిఘంటువు, పాఠాలు తయారుచేసింది మన గిడుగు రామమూర్తి పంతులు గారు. అంత దగ్గరగా ఉన్నవాళ్ళం మనం, ఇప్పటికీ ఒకరి పండగకి ఒకరు వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తున్నాం.

మహేంద్రతనయ
కొండగాలి అన్నా, ఆ అవ్వ వేలు దగ్గర ఆగిపోయాను.

రాయగడ_టీచరమ్మ
గిడుగు వారి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి కూడా. తెలుగు చర్చిల్లో పాడే పాత కీర్తనలు విన్నారా? కర్ణాటక రాగాల్లో, పల్లవి, చరణాలతో ఉంటాయి. వాటిలో చాలా రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1803లో పర్లాకిమిడి ప్రాంతంలోనే పుట్టారు. కోడలు గారూ, మీరు చర్చిలో ఆ పాత కీర్తనలు వింటే, అవి మీ ఊరి గాలిలో పుట్టినవే అనుకోండి. మీ అత్తయ్యకి సంగీతం ఇష్టమైతే ఇది చెప్పండి.

పర్లాకిమిడి_కోడలు
అత్తయ్య చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నారు! ఇది తప్పకుండా చెప్తాను.

నమ్మకం_ముఖ్యం
అందరూ మర్యాద, మర్యాద అంటున్నారు. నాకు ఒక్కటే సందేహం. నమ్మకం లేని చోట లేచి నిలబడటం, పాట పాడటం, ఆమేన్ అనడం నటన కాదా? నేను పిలిస్తే వెళ్తాను, కానీ కదలకుండా కూర్చుంటాను.

జయపురం_పాతకాపు
లేచి నిలబడటం గౌరవం, తమ్ముడూ. పాడటం, ఆమేన్ అనడం ఒప్పుకోలు. మొదటిది చెయ్యి, రెండోది నీ మనసుకి వదిలేయ్. నోరు కదపనంత మాత్రాన ఎవరూ నిన్ను చూసి లెక్క రాసుకోరు. కానీ అందరూ నిలబడినప్పుడు నువ్వొక్కడివే కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటే పక్కనున్న ముసలాయన మనసు చివుక్కుమంటుంది. ఆ ముసలాయన నిన్నేమీ చేయలేదు కదా.

నమ్మకం_ముఖ్యం
ఒప్పుకుంటున్నాను. నిలబడతాను. మోకరించడం మాత్రం నావల్ల కాదు.

బల్లార్షా_మేరీ
మేం కాథలిక్కులం, బల్లార్షాలో ఉంటాం. మోకరించడం మా దగ్గర ఎక్కువ కాబట్టి చెప్తున్నాను. పూజలో అందరూ మోకరించినప్పుడు అతిథులు ఊరికే కూర్చుని తల కొంచెం వంచితే చాలు. నడుం నొప్పి ఉన్న మావాళ్ళు కూడా అలాగే చేస్తారు. సత్ప్రసాదానికి, అంటే మా దగ్గర ఇచ్చే రొట్టెకి, వరుస కట్టినప్పుడు మీరు కదలకండి. మీ బెంచీలోవాళ్ళు బయటకి వెళ్ళాలంటే కాళ్ళు పక్కకి తీసి దారి ఇవ్వండి. కొన్ని చోట్ల చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని వెళ్తే ఫాదర్ దీవెన ఇస్తారు, అన్ని చోట్లా ఆ పద్ధతి లేదు, అడిగి వెళ్ళండి.

మా దగ్గర అర్ధరాత్రి పూజలో పిల్లలకి నచ్చేది ఒకటుంది. ఫాదర్ బాలయేసు బొమ్మని తెచ్చి పశువుల పాకలో పెడతారు. చివర్లో అందరూ వెళ్ళి ముద్దు పెట్టుకుంటారు. హిందూ పిల్లలు కూడా వరుసలో నిలబడి దణ్ణం పెట్టుకుని వస్తారు. ఎవరూ ఆపరు.

కొత్తవీధి_శారద
మేరీ గారూ, నాలుగు కొవ్వొత్తులు వెలిగిస్తారే, అది దేనికి?

బల్లార్షా_మేరీ
క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం. వారానికొకటి వెలిగిస్తూ వస్తారు. మూడు ఊదా రంగు, ఒకటి గులాబీ. గులాబీది మూడో ఆదివారానిది. కొన్ని చోట్ల మధ్యలో తెల్లది ఐదోది ఉంటుంది, దాన్ని క్రిస్మస్ నాడు వెలిగిస్తారు. బాప్టిస్టులు చాలామంది ఇవి పెట్టరు కాబట్టి పర్లాకిమిడిలో కనిపించకపోతే ఆశ్చర్యపోకండి.

పల్లెటూరి_ప్రసాద్
కానుక సంగతి ఎవరూ తేల్చలేదు. నా ఉద్దేశం అతిథి డబ్బులు వేయక్కర్లేదు. పెళ్ళికి పిలిచి వంట ఖర్చు అడుగుతారా?

కాశీబుగ్గ_రాజు
నేను ఒప్పుకోను ప్రసాద్ గారూ. అన్నదానం పెట్టే చోట మనం హుండీలో వేయమా? వేస్తే తప్పేంటి?

రాయగడ_టీచరమ్మ
ఇద్దరూ తగవు పెట్టుకోకండి. సంచి వస్తే వేయొచ్చు, వేయకుండా పక్కవాళ్ళకి అందించొచ్చు. ఎవరెంత వేశారో ఎవరూ చూడరు. సంచి లోతుగా ఉండేది అందుకే. నా సొంత మాట అడిగితే, పాప చేత వేయించండి. పిల్లలకి అది ఇష్టం. డబ్బు ఇవ్వడం మీ ఇంట్లో ఇబ్బంది అయితే పళ్ళు పట్టుకెళ్ళి టీచరు గారింట్లో ఇవ్వండి. అది ఇంటికి ఇచ్చినట్టు, చర్చికి కాదు. అత్తయ్య గారికీ అభ్యంతరం ఉండదు.

పల్లెటూరి_ప్రసాద్
ఇది బాగుంది. రాజు గారూ, సంధి.

సరిహద్దు_మనిషి
నేను ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మా బంధువు ఒకాయన ఇలాగే పిలిస్తే వెళ్ళారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఉదయం ఫోను. గ్రూపులో నంబరు చేర్చేశారు. రోజూ వాక్యాలు. చెప్పలేక నలిగిపోయారు. మంచి మనసుతో వెళ్ళిన మనిషిని అలా ఒత్తిడి చేయడం న్యాయమా?

జయపురం_పాతకాపు
న్యాయం కాదు. నేను సంఘంలో పెద్దల కమిటీలో ఉన్నాను, అందుకే సూటిగా చెప్తున్నాను. పండగకి వచ్చిన మనిషి నంబరు ఆయన్ని అడగకుండా గ్రూపులో చేర్చకూడదు. మా దగ్గర కుర్రాళ్ళకి ఈ మాట ప్రతి డిసెంబరులో చెప్తాం. ఎవరైనా ఇష్టపడి మళ్ళీ వస్తే అది వేరు. రానంటే ఎదురుపడినప్పుడు మొహం తిప్పుకోకుండా పలకరించడమే క్రైస్తవం. మీ బంధువుకి చెప్పండి, ఆ సంఘం పాస్టరు గారినే కలిసి, "అయ్యగారూ, స్నేహానికి వచ్చాను, మెసేజులు వద్దు" అని నేరుగా అనమనండి. ఫోన్లు చేసే కుర్రాళ్ళతో వాదిస్తే తెగదు, అయ్యగారు ఒక్క మాట చెప్తే ఆగిపోతుంది.

సరిహద్దు_మనిషి
ఇంత సూటిగా చెప్తారనుకోలేదు. ధన్యవాదాలండి. ఆయనకి చెప్తాను.

గుణుపురం_వకీలు
ఇదే మాట మన గుళ్ళ భజన గ్రూపులకి కూడా చెప్పాలి సుమా. నా నంబరు మూడింట్లో ఉంది.

రీల్స్_రవి
😂😂

కొత్తవీధి_శారద
టైము గురించి చెప్పండి. ఎంతసేపు ఉండొచ్చు? పిల్లలతో కూర్చోవడం మాటలు కాదు.

బిస్సంకటక్_నర్సు
సంఘాన్ని బట్టి ఉంటుంది. కాథలిక్ పూజ గంట, గంటన్నరలో అయిపోతుంది. బాప్టిస్టుల్లో యూత్ పాట, స్త్రీల సమాజం పాట, సండే స్కూలు పిల్లల నాటిక, సాక్ష్యాలు, ప్రసంగం అన్నీ కలిపి రెండు, మూడు గంటలు దాటిపోతుంది. నేను బిస్సంకటక్ వైపు ఆసుపత్రిలో పనిచేశాను, క్రిస్మస్ నాడు కూడా వార్డు డ్యూటీ ఉంటుంది కదా, అక్కడివాళ్ళు ఆరాధన మధ్యలో లేచి డ్యూటీకి వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చునేవాళ్ళు. ఎవరూ వింతగా చూసేవాళ్ళు కాదు. పిల్లలున్నవాళ్ళు తలుపు వైపు చివర్లో కూర్చోండి. సీసాలో నీళ్ళు, నాలుగు బిస్కెట్లు సంచిలో పెట్టుకోండి. పాప ఏడిస్తే బయటకి తీసుకెళ్ళండి, చర్చి ఆవరణలో ఇంకో పదిమంది తల్లులు అదే పనిమీద ఉంటారు.

నమ్మకం_ముఖ్యం
మధ్యలో వెళ్ళిపోవాలంటే ఏ సమయంలో వెళ్ళాలి?

బిస్సంకటక్_నర్సు
పాట పాడుతున్నప్పుడు. ప్రార్థన మధ్యలో, వాక్యం చదువుతున్నప్పుడు కాదు.

మహేంద్రతనయ
నాదో మాట. వెళ్తే ఆశీర్వచనం దాకా ఉండండి. నాటిక చూసి లేచిపోతే పిల్లల కార్యక్రమానికి వచ్చినట్టు ఉంటుంది. టీచరు గారు పిలిచింది వాళ్ళ ఇంటి పెద్ద రోజుకి. చివర్లో అందరూ లేచి ఒకరి చేయి ఒకరు పట్టుకుని క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పుకుంటారు చూడండి, ఆ పది నిమిషాలే అసలు పండగ. అప్పుడు మీరు అక్కడ ఉండాలి.

కొత్తవీధి_శారద
మహేంద్రతనయ గారూ, మూడు గంటలు చిన్నపిల్లతో ఉండమనడం తేలిక. మోసేది తల్లి.

మహేంద్రతనయ
సరే, తండ్రిని కూడా పట్టుకెళ్ళమనండి. ఆయన నీ ఇష్టం అని తప్పుకున్నారట కదా, పాపని ఆడించే పని ఆయనకి ఇవ్వండి.

పల్లెటూరి_ప్రసాద్
ధనుర్మాసం సంగతి ఎవరూ చెప్పలేదు. మాంసం, గుడ్డు ఉంటే? కేకులో గుడ్డు ఉంటుంది కదా.

రాయగడ_టీచరమ్మ
భోజనం ప్రసాదం కాదు ప్రసాద్ గారూ, అందరూ కలిసి తినే ప్రేమ విందు. తినకపోతే అపచారం లేదు. కోడలు గారూ, మా ఇంట్లో నియమం ఉంది అని ముందురోజే చెప్పేయండి. మా పక్కింటివాళ్ళు నియమంలో ఉన్న ఏడాది మా అమ్మ విడిగా కొత్త గిన్నెలో పులిహోర చేసి, అరటాకులో పెట్టి పంపేది. టీచరు గారి ఇల్లాలు కూడా మీ ఊరి మనిషే, ఆవిడకి ఇది కొత్త కాదు.

పర్లాకిమిడి_కోడలు
ఇవన్నీ రాత్రి అత్తయ్యకి చదివి వినిపించాను. రథయాత్ర మాట దగ్గర ఊరుకున్నారు, కీర్తనల మాట దగ్గర "ఏ రాగమట?" అని అడిగారు. ఉదయం పూజ అయ్యాక మేం వెళ్ళొచ్చు అన్నారు. తాను రానన్నారు, కానీ జామపళ్ళు మన చెట్టువే కోసి పంపుతానన్నారు. మా ఆయన వస్తున్నారు. ఆరాధన తొమ్మిదిన్నరకి మొదలట, ప్రభు భోజనం ఆ రోజు లేదట. టీచరు గారి భార్యని అడిగాను, నన్ను లేచి నిలబడమనొద్దని కూడా చెప్పాను, ఆవిడ తెగ నవ్వింది. అందరికీ చాలా థ్యాంక్స్.

సిరోంచ_గోదారి
జామపళ్ళు! ఇంక మీకు ముందు వరుసలోనే చోటు.

రీల్స్_రవి
నాదో సందేహం మిగిలింది. మా ఫ్రెండ్ రాయగడలో 24 రాత్రి ఆరాధనకి రమ్మంటున్నాడు. రాత్రి బాగుంటుందా, ఉదయం బాగుంటుందా?

రాయగడ_టీచరమ్మ
మొదటిసారి అయితే ఉదయం రా. పిల్లలు, పాటలు, భోజనం అన్నీ ఉంటాయి, ఎవరు ఏం చేస్తున్నారో పగటి వెలుగులో తెలుస్తుంది. రాత్రిది నిశ్శబ్దంగా, కొవ్వొత్తులతో ఉంటుంది, అది ఇష్టమైతే రాత్రే రా. ఏదైనా గంట మోగే ముందే చేరు. ఆ రోజు ఎప్పుడూ రానివాళ్ళు కూడా వస్తారు, ఆలస్యమైతే బయట షామియానాలో ప్లాస్టిక్ కుర్చీయే గతి. స్వెట్టర్ మర్చిపోకు, మన వైపు డిసెంబరు చలి సంగతి తెలుసుగా.